అద్దాల పెట్టెలో ఎండ ఏదీ?

"ఇది చాలా ఈజీ పెట్ అండీ, పిల్లలే చూసుకుంటారు." పెట్ షాపులో ఈ మాట చెవిన పడ్డప్పుడు ప్రతి అమ్మా ఒక్క నిమిషం ఆగి "ఎవరికి ఈజీ?" అని అడగాలి. అమ్మేవాళ్ళకా, కొనేవాళ్ళకా, లేక ఆ పెట్టెలో బతకబోయే ప్రాణికా?

నేను చెబుతున్నది బియర్డెడ్ డ్రాగన్ గురించి. అమెరికాలో పిల్లల్ని పెంచుతున్న మనవాళ్ళకి ఈ పేరు కొత్తేం కాదు. కుక్క కావాలని పిల్లలు ఏడిపించి చంపుతుంటే, "కుక్క వద్దు గానీ పోనీ ఇది కొందాం" అన్న రాజీ బేరంలో ఇంటికొచ్చేది ఇదే. ఇండియాలో ఉన్న అక్కచెల్లెళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే, మన పెరట్లో కంచె మీద కూర్చుని తల ఆడించే తొండకి ఇది చుట్టం. రెండిటిదీ ఒకటే కుటుంబం. దీని సొంత ఊరు ఆస్ట్రేలియా లోపలి ఎండు నేలలు. తోకతో కలిపి అడుగున్నర నుంచి రెండడుగుల దాకా పెరుగుతుంది. కోపమొస్తే గొంతు కింద ముళ్ళ చర్మాన్ని ఉబ్బించి నల్లగా చేసుకుంటుంది, చూడ్డానికి గడ్డంలా ఉంటుంది కాబట్టి ఆ పేరు. బాగా చూసుకుంటే పదేళ్ళు, ఇంకా పైన కూడా బతుకుతుంది. ఆస్ట్రేలియా తన అడవి ప్రాణుల్ని వ్యాపారానికి బయటికి పంపనివ్వదు. అందుకని ఇక్కడ అమ్మేవి పెంపకంలో పుట్టినవే. పెంపకంలో ఎన్ని తరాలు పుట్టినా దాని ఒంటికి కావలసిన ఎండ మాత్రం తగ్గలేదు.

నా గొడవంతా ఆ ఎండ గురించే. ఎండ ఇవ్వకుండా ఈ ప్రాణిని అమ్మడం, కొనడం రెండూ తప్పని నా వాదన. ఎండ దొరక్కపోతే దీనికి వచ్చే జబ్బుని వెట్‌లు మెటబాలిక్ బోన్ డిసీజ్ అంటారు. మన మాటల్లో చెప్పాలంటే ఎముకలు కరిగిపోయే జబ్బు. పెంపుడు సరీసృపాల్లో తరచుగా కనబడే జబ్బుల్లో ఇదొకటి, పైగా సరిగా పెంచితే దాదాపు రాకుండా ఆపగలిగిన జబ్బు. ఆపగలిగీ ఆపకపోతే దాన్ని ఖర్మ అనడానికి నాకు నోరు రాదు.

మేం ఉండేది టెక్సస్‌లో. రెండేళ్ళ కిందట మా కాలనీలో ఒక కుటుంబం ఇండియాకి తిరిగి వెళ్ళిపోతూ వాళ్ళ పిల్లాడి బియర్డెడ్ డ్రాగన్‌ని మాకిచ్చి వెళ్ళారు. మా వాడు దానికి చిట్టి అని పేరు పెట్టాడు. వచ్చిన రోజే దాని కింది దవడ ఒక పక్క ఉబ్బి ఉంది. ముందు కాళ్ళ మీద లేవడానికి చూస్తే కాళ్ళు వణికి పొట్ట నేలకి తగిలేది. నేను ఆ తల్లిని ఒక్క మాట అనను. ఆవిడ షాపువాళ్ళు కట్టిచ్చిన కిట్టు మొత్తం డబ్బు పెట్టి కొంది. అందులో బల్బు ఉంది, గిన్నె ఉంది, ఇసుక ఉంది, పొడి డబ్బా ఉంది. "అన్నీ ఇందులోనే ఉన్నాయి" అని వాళ్ళు చెప్పారు, ఆవిడ నమ్మింది. లేనిదల్లా ఎండ. అది లేదని ఎవరూ చెప్పలేదు.

సరీసృపాల్ని చూసే వెట్ దగ్గరికి తీసుకెళితే ఎక్స్‌రే తీశారు. మామూలుగా ఎక్స్‌రేలో ఎముక తెల్లగా మెరుస్తూ కనిపించాలి. చిట్టి ఎముకలు ఒంట్లో కలిసిపోయినట్టు మసక మసగ్గా ఉన్నాయి. ఒక ముందు కాలు ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది. "ఇక మీదట విరగకుండా చూడగలం గానీ ఆ వంకర పోదు" అన్నారు డాక్టరు.

ఇంతకీ ఈ ఎముకలు ఎందుకు కరుగుతాయో తెలుసుకుంటే షాపువాళ్ళ మాటలకి మనం పడిపోం. ఇదేం బ్రహ్మవిద్య కాదు, పిల్లల్ని కన్నవాళ్ళకి సగం తెలిసిందే. ఎండలో కంటికి కనబడని అల్ట్రావయొలెట్ కిరణాలుంటాయి. అందులో బి రకం, అంటే యూవీబీ, చర్మం మీద పడితే డి3 విటమిన్ తయారవడం మొదలవుతుంది. ఒంటి వేడికి ఆ పని పూర్తవుతుంది. తర్వాత కాలేయం, మూత్రపిండాలు దాన్ని పనికొచ్చే రూపంలోకి మారుస్తాయి. ఆ డి3 ఉంటేనే పేగులు తిండిలోని కాల్షియాన్ని సరిగా పీల్చుకుంటాయి. అది లేకపోతే ఎంత కాల్షియం తినిపించినా చాలావరకు వచ్చిన దారినే పోతుంది.

రక్తంలో కాల్షియం తగ్గితే గుండె, కండరాలు, నరాలు నడవవు. అందుకని గొంతు దగ్గర ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు ఎముకల్లోంచి కాల్షియాన్ని తీసి రక్తంలో కలిపే హార్మోన్ని వదులుతాయి. నెల జీతం రాకపోతే ఇల్లు నడవడానికి ఒంటి మీద బంగారం అమ్ముకున్నట్టు. ఒకటీ రెండూ అంటే సరే, రోజూ అమ్ముతూ పోతే ఏం మిగులుతుంది? ఎముక గుల్లబారుతుంది. గట్టి ఎముక ఉండాల్సిన చోట పీచులాంటి కణజాలం పెరుగుతుంది. అందుకే జబ్బు ముదిరిన దవడ లావుగా కనిపిస్తుంది, వేలితో తాకితే రబ్బరులా ఉంటుంది. చూసినవాళ్ళు "బొద్దుగా ఉంది, బాగా తింటోందేమో" అనుకుంటారు. బొద్దుతనం కాదమ్మా అది, ఎముక పోయిన గుర్తు.

మా అత్తయ్యగారు ఆ ఏడాది వేసవికి మా దగ్గరికి వచ్చారు. ఇంట్లో తొండని పెంచడమేమిటని మొదటి వారం దాని గది వైపు కూడా రాలేదు. తర్వాత ఒక రోజు గుమ్మంలో నిలబడి చూసి, "అమ్మాయ్, దీనికి ఎండ తగులుతుందా? మన ఊళ్ళో తొండ ఎప్పుడూ ఎండలోనే చస్తుంది కదా" అన్నారు. డిగ్రీలు లేని ఆవిడకి గుమ్మంలో నిలబడగానే తట్టిన ప్రశ్న, రోజూ పదుల కొద్దీ జంతువుల్ని అమ్మే దుకాణానికి తట్టలేదంటే నేను నమ్మను. తట్టింది. బేరం పోతుందని అడగలేదు, అంతే.

పసిపిల్లలకి నూనె రాసి లేత ఎండలో పడుకోబెట్టిన నాయనమ్మల, అమ్మమ్మల పెంపకం మనది. ఎండ చూడని పిల్లలకి కాళ్ళు దొడ్డికాళ్ళవుతాయని వైద్యశాస్త్రం రుజువు చేసి కూడా నూరేళ్ళు దాటింది. 1919లో బెర్లిన్‌లో హుల్డ్‌షిన్‌స్కీ అనే పిల్లల డాక్టరు రికెట్స్ వచ్చిన పిల్లల మీద అల్ట్రావయొలెట్ దీపం కాంతి వేసి ఎముకలు మళ్ళీ గట్టిపడడం ఎక్స్‌రేల్లో చూపించారు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత వియన్నాలో హారియెట్ చిక్ అనే శాస్త్రవేత్త, తోటి మహిళా శాస్త్రవేత్తలతో కలిసి, కాడ్ లివర్ నూనెతోనో ఎండతోనో రికెట్స్‌ని ఆపవచ్చని, నయం చేయవచ్చని నిరూపించారు. నూరేళ్ళ కిందటి ఈ పాఠాన్ని గాజు పెట్టెలో ఉన్న ప్రాణికి వర్తింపజేయడానికి కొత్తగా పరిశోధనలేం అక్కర్లేదు. మనసుంటే చాలు.

ఇప్పుడు వాళ్ళు చెప్పే మాటలు ఒక్కొక్కటే తీసుకుందాం.

"కిటికీ పక్కన పెట్టండి, ఎండ వస్తుంది" అంటారు. మామూలు గాజు యూవీబీని దాదాపు మొత్తం ఆపేస్తుంది. కిటికీ గాజు లోంచి వచ్చేది వెలుతురు, వేడి. ఎముకకి పనికొచ్చేది బయటే ఆగిపోతుంది. పైగా గాజు పెట్టె మీద నేరుగా ఎండ పడితే లోపల పొయ్యి మీద పెట్టినట్టు వేడెక్కి ప్రాణమే పోతుంది. మా టెక్సస్ ఎండల్లో తలుపులు మూసిన కారు సంగతి మనకి తెలుసు కదా, ఇదీ అంతే.

"బల్బు ఇచ్చాం కదా" అంటారు. ఏ బల్బు? వేడి బల్బు వేడినిస్తుంది, యూవీబీ ఇవ్వదు. కిట్టులో వచ్చే చిన్న మెలికల బల్బుల మీద యూవీబీ అని రాసి ఉన్నా, అవి ఇచ్చేది చిన్న జాగాకే, కొద్ది దూరానికే. ఎడారి ప్రాణికి అది కొవ్వొత్తితో అన్నం వండడమే. దీనికి కావలసింది టీ5 హై అవుట్‌పుట్ రకం పొడుగు ట్యూబు, పది నుంచి పన్నెండు శాతం యూవీబీ ఉన్నది, పెట్టె పొడవులో కనీసం సగం దాకా పరుచుకునేది. జాలీ మూత పైన పెడితే ఆ జాలీ మూడో వంతు దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువే అడ్డుకుంటుంది. లోపల బిగించామా, పైన పెట్టామా అన్నదాన్ని బట్టి దూరం మారుతుంది. ఆ దూరం ట్యూబు తయారీదారు ఇచ్చే కాగితంలో ఉంటుంది, చదవాలి.

ఇంకో సంగతి. ట్యూబు వెలుగుతున్నంత మాత్రాన యూవీబీ వస్తున్నట్టు కాదు. మన కంటికి కనిపించే వెలుతురు ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది, కనిపించనిది మాత్రం నెలనెలా తగ్గిపోతుంది. రకాన్ని బట్టి ఆరు నెలలకో ఏడాదికో మార్చాల్సిందే. నేను ట్యూబు మార్చిన తారీఖుని గ్యాస్ బండ తారీఖు రాసుకున్నట్టు క్యాలెండర్ మీద రాస్తాను.

"డి3 కలిపిన పొడి చల్లితే లైటెందుకు?" అంటారు. ఈ మాట అన్నిటికన్నా ప్రమాదం. బియర్డెడ్ డ్రాగన్ పిల్లల మీద చేసిన పరిశోధన ఒకటి 2010లో అచ్చయింది. నోటి ద్వారా డి3 ఇచ్చిన వాటికన్నా యూవీబీ కాంతిలో పెరిగిన వాటి రక్తంలో డి విటమిన్ ఎంతో ఎక్కువగా ఉందని అందులో తేలింది. చర్మం తనకి కావలసినంత తయారుచేసుకుని ఆగిపోతుంది. డబ్బాలోంచి వచ్చిందానికి ఆ అదుపు లేదు. తక్కువైతే ఎముక కరుగుతుంది, ఎక్కువైతే కాల్షియం పోయి మెత్తటి అవయవాల్లో, మూత్రపిండాల్లో పేరుకుంటుంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది. పొడి కావాలి, కాని లైటుకి బదులుగా కాదు.

ఇక గుర్తుపట్టడం సంగతి. ఇది తెలియక చాలామంది ఆలస్యం చేస్తారు. ఎందుకంటే ఈ ప్రాణి మొరగదు, మూలగదు, ఏడవదు. జబ్బుని దాచుకోవడం అడవి ప్రాణుల స్వభావం. పిల్లాడి మొహం చూసి జ్వరమొస్తుందని పొద్దున్నే పసిగట్టే అమ్మ కళ్ళకే ఇది దొరకాలి.

మొదట చురుకు తగ్గుతుంది. పురుగు కనబడితే పరుగెత్తేది చూస్తూ కూర్చుంటుంది. తిండి తగ్గిస్తుంది, మలబద్ధకం వస్తుంది. తర్వాత కాలి వేళ్ళు తమంతట తామే అదురుతాయి. చేతిలోకి తీసుకున్నప్పుడు కాలో తోకో సన్నగా వణుకుతుంది. చాలామంది "భయపడుతోంది" అని సరిపెట్టుకునేది ఇక్కడే. భయం కాదది, రక్తంలో కాల్షియం పడిపోతున్న సూచన. ఆ తర్వాత నడక మారుతుంది. ఆరోగ్యంగా ఉన్నది ఛాతీ పైకెత్తి నడుస్తుంది. జబ్బు చేసింది పొట్ట నేలకి రాస్తూ పాకుతుంది, వెనక కాళ్ళు ఈడుస్తుంది. కింది దవడ ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, నోరు సరిగా మూసుకోదు. కాళ్ళు లావెక్కి వంగుతాయి. వెన్నులో, తోకలో మెలికలు పడతాయి. చిన్న ఎత్తు నుంచి దిగినా ఎముక విరుగుతుంది. చివరికి ఫిట్స్ వస్తాయి.

ఆడదానికి ఇంకో కష్టం ఉంది. మగదాని జత లేకపోయినా గుడ్లు పెడుతుంది. ఆ గుడ్ల పెంకులకి కాల్షియం తన ఒంట్లోంచే తీసివ్వాలి. అసలే తక్కువగా ఉంటే గుడ్డు బయటికి రాక లోపలే ఇరుక్కుంటుంది. కాన్పుల తర్వాత నడుములు పట్టుకుని తిరిగిన మనకి ఈ బాధ విడమరచి చెప్పక్కర్లేదు.

వేళ్ళు అదరడం చూసిన రోజే వెట్‌కి ఫోన్ చేయండి. మామూలు కుక్కల డాక్టరు కాదు, సరీసృపాలు చూసే డాక్టరు కావాలి. కొనకముందే మీ ఊళ్ళో అలాంటివాళ్ళు ఉన్నారో లేదో కనుక్కోవాలి. వాళ్ళు ఎక్స్‌రే తీస్తారు, రక్తం చూస్తారు, కాల్షియం మందు ఎంతివ్వాలో తూకం చూసి చెబుతారు. ఇంట్లో ఉన్న మన కాల్షియం మాత్ర నూరి పోయకండి. ఎముక పట్టు మళ్ళీ రావడానికి నెలలు పడుతుంది, వంగిన కాలు, మెలిక పడ్డ వెన్ను మటుకు తిరిగిరావు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమెందుకు?

రాకుండా చూసుకోవడం మన చేతిలో పని. ఎండకి ట్యూబు చెప్పాను. రోజుకి పన్నెండు గంటలు వెలగాలి, రాత్రి చీకటిగా ఉండాలి. దాంతో పాటు వేడి. అది ఎండ కాచుకునే రాయి మీద 100 నుంచి 108 డిగ్రీల ఫారన్‌హీట్ ఉండాలి, రెండో చివర 80 అటూ ఇటూ చల్లగా ఉండాలి. తనకి ఎప్పుడు వేడి కావాలో, ఎప్పుడు నీడ కావాలో అదే చూసుకుంటుంది. ఈ వేడి లేకపోతే తిన్నది అరగదు, చర్మంలో డి3 తయారీ కూడా పూర్తికాదు. అంచనాతో కాకుండా థర్మామీటరుతో చూడండి.

తిండి సంగతికి వస్తే వంటింటి వాళ్ళం మనకి తేలిక. కాల్షియం, ఫాస్ఫరస్ అని రెండున్నాయి. తిండిలో ఫాస్ఫరస్ కన్నా కాల్షియం ఎక్కువ ఉండాలి, ఒకటికి రెండు పాళ్ళుంటే మేలు. షాపులో అమ్మే చిమటలు, మీల్‌వార్మ్‌లు పూర్తిగా ఎదురు. వాటిలో ఫాస్ఫరస్ కాల్షియానికి ఎన్నో రెట్లు ఎక్కువ. అందుకే పురుగుల్ని ఫాస్ఫరస్ లేని కాల్షియం పొడిలో దొర్లించి ఇవ్వాలి, పకోడీకి ముందు ముక్కని పిండిలో దొర్లించినట్టు. ఎదిగే పిల్లకి దాదాపు రోజూ, పెద్దదానికి వారంలో కొన్నిసార్లు. ఎంతన్నది వెట్‌ని అడిగి రాసుకోండి. పురుగులకి కూడా ముందు రోజు మంచి ఆకుకూర పెట్టాలి. అవి తిన్నదే దీనికి చేరుతుంది.

చిన్నప్పుడు పురుగులు ఎక్కువ, పెద్దయ్యాక ఆకులు ఎక్కువ. ఇక్కడ మనవాళ్ళు చేసే పనొకటి చెప్పాలి. ఇంట్లో పాలకూర ఉంది కదా అని వేసేస్తారు, "ఐరన్, కాల్షియం బలం" అని. పాలకూర, తోటకూర, చుక్కకూర, బీట్‌రూట్ ఆకుల్లో ఆగ్జలేట్లుంటాయి. అవి కాల్షియాన్ని పట్టేసి ఒంటికి అందనివ్వవు. ఎప్పుడో ఒక ముక్క తింటే ప్రమాదమేం లేదు గానీ రోజువారీ కూర అది కాకూడదు. ఐస్‌బర్గ్ లెట్యూస్‌లో నీళ్ళు తప్ప ఏమీ లేవు. అమెరికాలో ఏ సరుకుల కొట్టుకి వెళ్ళినా చౌకగా దొరికే కొలార్డ్ గ్రీన్స్, ఆవాకు, టర్నిప్ ఆకు, డాండిలయన్ ఆకు మంచివి. అవకాడో విషం. పెరట్లో పట్టిన మిణుగురు పురుగు ఒక్కటి చాలు ప్రాణం తీయడానికి. వేసవి సాయంత్రాల్లో మిణుగురుల వెంట పరుగెత్తే పిల్లలకి ఇది ముందే చెప్పి ఉంచండి.

ఇంత చదివాక మీలో కొందరు అంటారు, "ఒక తొండ కోసం ఇంత గొడవా?" అని. ఆ మాట ఎవరైనా అనవచ్చు, దాన్ని డబ్బిచ్చి ఇంటికి తెచ్చుకున్నవాళ్ళు మాత్రం అనకూడదు. కంచె మీద తొండ మనల్ని ఏమీ అడగదు, దాని ఎండ దానికుంది. అద్దాల పెట్టెలో పెట్టిన రోజున దాని ఎండని మనం లాక్కున్నాం. లాక్కున్నది తిరిగివ్వడం దయ అనిపించుకోదు, అది బాకీ.

"కొన్నది అరవై డాలర్లకి, డాక్టరుకి మూడు వందలా?" అనేవాళ్ళూ ఉన్నారు. ఈ లెక్క వినీ వినీ నాకు ఒళ్ళు మండుతుంది. ప్రాణి ధర తక్కువ పెట్టి, దాని బతుకు ఖర్చు కనబడకుండా దాచిన వ్యాపారం లెక్క అది. సరైన పెట్టె, ట్యూబు, వేడి లైటు, థర్మామీటరు కలిపితే ప్రాణి ధరకి ఎన్నో రెట్లవుతుంది. ఆ చిట్టా ముందే చేతిలో పెడితే సగం మంది కొనరు. అందుకే పెట్టరు.

ఈ చవక బేరాన్ని ఆడవాళ్ళ పనితో నడిపిస్తున్నారన్నది నా అసలు కోపం. "పిల్లలే చూసుకుంటారు" అన్న మాటకి అర్థం రెండు వారాల తర్వాత అమ్మ చూసుకుంటుందని. పదేళ్ళ పిల్లాడు కొన్నేళ్ళ తర్వాత కాలేజీకి పోతాడు, డ్రాగన్ ఇంట్లోనే ఉంటుంది. చిమటలకి ఆకు వేసేది ఎవరు, లైటు తారీఖు చూసేది ఎవరు, పెట్టె కడిగేది ఎవరు? పిల్లలు ప్రేమించారు, నాన్న కొన్నాడు, బాధ్యత అమ్మది. జబ్బు చేస్తే "ఇంట్లోనే ఉంటావు కదా, చూసుకోలేదా?" అన్న మాట కూడా అమ్మకే. ఇంటికొచ్చే ప్రాణి గురించి ముందు అడగనిది, తర్వాత అందరూ వేలెత్తి చూపేది మనల్నే. కాబట్టి ముందే అడిగే హక్కు మనకుంది.

చట్టం సంగతి కూడా చూడండి. అమెరికాలో జంతు సంక్షేమ చట్టం 1966 నుంచి ఉంది. అది వేడి రక్తం జంతువులకే. సరీసృపాలు దాని లెక్కలోకే రావు. అలాగని సరీసృపాల అమ్మకం మీద రూలు పెట్టడం వీళ్ళకి చేతకాదా? నాలుగంగుళాల లోపు చిప్ప ఉన్న చిన్న తాబేళ్ళని పెంపకానికి అమ్మకూడదని 1975లోనే రూలు తెచ్చారు, ఎందుకంటే వాటి వల్ల పిల్లలకి సాల్మొనెల్లా సోకింది. మనిషికి జబ్బొస్తే రూలు వచ్చింది. తాబేలుకి జబ్బొస్తే రాలేదు, తొండకి జబ్బొస్తే రాలేదు. ఇంగ్లండ్‌లో 2018 నిబంధనల ప్రకారం పెంపుడు జంతువుల్ని అమ్మేవాళ్ళకి లైసెన్సు ఉండాలి, కొనేవాళ్ళకి తిండి, ఇల్లు, కావలసిన సామాను, వైద్యం గురించి సరైన వివరం చెప్పాలి. అక్కడ అడగగలిగింది ఇక్కడ అడగలేమా? నేను కోరేది ఒకటే. సరైన యూవీబీ ట్యూబు ఇంట్లో ఉందని చూపించందే, లేదా దాంతో కలిపి తప్ప, బియర్డెడ్ డ్రాగన్‌ని అమ్మకూడదు. హెల్మెట్ లేకుండా పిల్లాడిని సైకిలెక్కించం, కార్ సీటు లేకుండా పసిబిడ్డని ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకురాం. ఇదీ అలాంటి రూలే.

సాల్మొనెల్లా మాట వచ్చింది కాబట్టి ఇదీ చెబుతాను. ఆరోగ్యంగా కనిపించే బియర్డెడ్ డ్రాగన్ ఒంటి మీద కూడా ఆ క్రిములుండవచ్చు. ఐదేళ్ళ లోపు పిల్లలున్న ఇళ్ళల్లో సరీసృపాలు వద్దని ఇక్కడి ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. పట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి, దాని గిన్నెలు వంటగది సింకులో కడగకూడదు. ఇంట్లో పసిపాప ఉంటే "ఇప్పుడు కాదు" అనేయండి. పిల్లలు ఒక పూట అలుగుతారు, అంతే కదా.

రూలు వచ్చేదాకా మనమే రూలు అవుదాం. వచ్చే పుట్టినరోజుకి మీ ఇంట్లో ఈ కోరిక పుడితే షాపులో ఇవి అడగండి. ఈ లైటు యూవీబీ ఎంత శాతం, ఎంత దూరంలో పెట్టాలి, ఎప్పుడు మార్చాలి? పెద్దయ్యాక దీనికి ఎంత పెట్టె కావాలి? మొత్తం ఖర్చెంత? ఈ ఊళ్ళో దీన్ని చూసే వెట్ ఎవరు? జవాబు తడబడితే ఖాళీ చేతులతో బయటికి వచ్చేయండి. ఇప్పటికే ఇంట్లో ఉంటే ఈ రాత్రే ఆ బల్బు మీద ఏం రాసుందో చదవండి, రేపు పొద్దున అది లేచి ఎలా నడుస్తుందో చూడండి. పొట్ట నేలకి తగులుతోందా, వేళ్ళు అదురుతున్నాయా చూడండి. పక్కింట్లో ఉంటే పిండివంటల గిన్నె పట్టుకుని వెళ్ళి ఒకసారి ఆ పెట్టె పైన లైటు చూసి రండి, తప్పేం లేదు.

ప్రేమ ఉందని అందరూ అంటారు, నేను కాదనను. కాని ప్రేమతో ఎముక గట్టిపడదు. దానికి ఎండ కావాలి. ఎండ ఇవ్వలేని ఇంటికి ఆ ప్రాణిని తీసుకురాకపోవడం కూడా దాని మీద ప్రేమే.